బార్బడోస్ విహారయాత్ర: విమాన టికెట్లు, డబ్బు మారకంపై తరచుగా అడిగే ప్రశ్నలు

2024 జూన్ 29న బ్రిడ్జ్‌టౌన్‌లోని కెన్సింగ్టన్ ఓవల్ మైదానంలో భారత జట్టు టీ20 ప్రపంచ కప్ గెలిచినప్పటి నుంచి బార్బడోస్ పేరు తెలుగు ఇళ్లలో తరచుగా వినిపిస్తోంది. కరీబియన్ దీవులలో తూర్పున ఉన్న ఆ దేశానికి భారత పాస్‌పోర్టుతో వీసా లేకుండా వెళ్లి 90 రోజుల వరకు ఉండవచ్చు. ఈ మాట వినగానే టికెట్లు వెతకడం మొదలుపెట్టే బంధుమిత్రులు నన్ను అడిగిన ప్రశ్నలనే ఇక్కడ ఒకచోట చేర్చి, జవాబులు రాశాను. వీసా నిబంధనలు, పన్నులు, ఛార్జీలు మారుతూ ఉంటాయి గనుక డబ్బు కట్టే రోజున వాటిని మరొక్కసారి సరిచూసుకోవాలని మనవి.

బార్బడోస్‌కు వీసా అక్కర్లేనప్పుడు టికెట్ కొనేముందు వీసాల గురించి ఎందుకు ఆలోచించాలి?

దీవికి వీసా అక్కర్లేదు గానీ, దీవికి చేర్చే దారికి వీసా కావాలి. భారతదేశం నుంచి బార్బడోస్‌కు నేరుగా వెళ్లే విమానం లేదు. దాదాపు ప్రతి దారీ బ్రిటన్, అమెరికా, కెనడా, ఐరోపా దేశాలలో ఏదో ఒక చోట ఆగి వెళ్తుంది. అక్కడ మీరు విమానం మారడానికి మాత్రమే ఆగినా, ఆ దేశం నియమాలు మీకు వర్తిస్తాయి. అందువల్ల ధరలు చూడటానికి ముందు మీ కుటుంబంలో ఎవరి పాస్‌పోర్టులో ఏ వీసా ఉంది, అది ఎంతకాలం చెల్లుతుంది, తిరుగు ప్రయాణం నాటికి కూడా చెల్లుతుందా అన్న మూడు విషయాలు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితాన్ని బట్టే దారి తేలుతుంది. ధర గురించిన ఆలోచన ఆ తరువాతే.

అమెరికా విమానాశ్రయాలలో ఇమిగ్రేషన్ దాటకుండా విమానం మారే ఏర్పాటు లేదు. మయామీలో రెండు గంటలు ఆగినా సరే, అమెరికా గడ్డ మీద దిగిన మొదటి విమానాశ్రయంలోనే తనిఖీ పూర్తి చేసుకోవాలి. భారతీయులకు దీనికోసం సి-1 ట్రాన్సిట్ వీసా గానీ, చెల్లుబాటులో ఉన్న బి1/బి2 (సందర్శక వీసా) వంటి మరొక వీసా గానీ ఉండాలి. కెనడాలో విమానం మారాలన్నా భారతీయులకు వీసా కావాలి. బ్రిటన్‌లో రెండు రకాల ట్రాన్సిట్ వీసాలు ఉన్నాయి. సరిహద్దు తనిఖీ దాటకుండా విమానాశ్రయం లోపలే విమానం మారేవారికి ఒకటి, తనిఖీ దాటి బయటికి వచ్చి 48 గంటలలోపు వెళ్లిపోయేవారికి మరొకటి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాల వీసా చెల్లుబాటులో ఉన్నవారికి మొదటి రకం నుంచి మినహాయింపు ఉంది. మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో బ్రిటిష్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని ప్రశ్నలకు జవాబులు ఇస్తూ పోతే తేలుతుంది. ఏజెంటు నోటిమాట మీద ఆధారపడవద్దు.

హైదరాబాద్ నుంచి ఏ దారిలో వెళ్లడం మేలు?

అమెరికా వీసా లేని కుటుంబానికి లండన్ మీదుగా వెళ్లడమే మేలని నా అభిప్రాయం. హైదరాబాద్ నుంచి లండన్ హీత్రోకు బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా నడుపుతోంది. ప్రయాణం సుమారు పది గంటలు. లండన్ నుంచి బార్బడోస్‌కు బ్రిటిష్ ఎయిర్‌వేస్, వర్జిన్ అట్లాంటిక్ విమానాలు ఉన్నాయి. అది దాదాపు తొమ్మిది గంటలు. విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి వారు హైదరాబాద్, ఢిల్లీ లేదా బెంగళూరు దాకా దేశీయ విమానంలో వచ్చి అక్కడి నుంచి ఎక్కాలి.

ఈ దారిలో ఒక మెలిక ఉంది. లండన్‌లో హీత్రో, గాట్విక్ అని రెండు పెద్ద విమానాశ్రయాలు ఉన్నాయి. మొదటిది నగరానికి పడమర, రెండవది దక్షిణాన. కరీబియన్ విమానాలు సీజన్‌ను బట్టి ఏ విమానాశ్రయం నుంచైనా బయలుదేరవచ్చు. మీరు హీత్రోలో దిగి గాట్విక్‌లో ఎక్కాల్సి వస్తే, సామాను తీసుకుని బ్రిటన్‌లోకి ప్రవేశించి రోడ్డు మీద ప్రయాణించాలి. అంటే మొదటి రకం ట్రాన్సిట్ వీసా గానీ, దానికిచ్చే మినహాయింపు గానీ ఇక్కడ పనిచేయదు. టికెట్ మీద రెండు చోట్లా ‘లండన్’ అనే కనిపిస్తుంది గనుక చాలామంది దీన్ని గమనించరు. మూడక్షరాల కోడ్ చూడాలి: ఎల్‌హెచ్‌ఆర్ అంటే హీత్రో, ఎల్‌జీడబ్ల్యూ అంటే గాట్విక్. బార్బడోస్ విమానాశ్రయం కోడ్ బీజీఐ. క్రైస్ట్ చర్చ్ ప్రాంతంలో ఉన్న ఆ విమానాశ్రయానికి దేశ తొలి ప్రీమియర్ గ్రాంట్లీ ఆడమ్స్ పేరు పెట్టారు.

అమెరికా వీసా ఉన్నవారికి దారులు ఎక్కువ. న్యూయార్క్ నుంచి జెట్‌బ్లూ, మయామీ నుంచి అమెరికన్ ఎయిర్‌లైన్స్ నడుపుతున్నాయి. న్యూయార్క్ నుంచి సుమారు అయిదు గంటలు, మయామీ నుంచి నాలుగు గంటల లోపే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు, అక్కడి నుంచే ఒక వారం వెళ్లిరావడం డబ్బు రీత్యా, శ్రమ రీత్యా అన్నిటికంటే తేలిక.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే చౌకగా వస్తోంది. అలా కొనవచ్చా?

వద్దని గట్టిగా చెబుతాను. మా అక్క కుటుంబం ఒక ఏజెంటు సలహా మీద లండన్ దాకా ఒక టికెట్, లండన్ నుంచి బార్బడోస్‌కు మరొక టికెట్ తీసుకుంది. ఇద్దరు పిల్లలతో సహా శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిలబడిన తరువాతే, సామాను లండన్‌లో తీసుకుని మళ్లీ అప్పగించాలని, అందుకు బ్రిటన్‌లోకి ప్రవేశించే వీసా ఉండాలని, తమ దగ్గర ఉన్నది విమానాశ్రయం లోపల మారడానికి పనికివచ్చే వీసా మాత్రమేనని వారికి తెలిసింది. విమానం ఎక్కనివ్వలేదు. రెండవ టికెట్ డబ్బు తిరిగి రాలేదు. ఆ రాత్రి మా అక్క ఏడుపు ఫోన్లో విన్నప్పుడే, ఈ విషయాలను ఓపికగా రాసి పెట్టాలని అనుకున్నాను.

ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) కింద కొన్న టికెట్‌లో సామాను చివరి గమ్యం దాకా వెళ్లే ఏర్పాటు సాధారణంగా ఉంటుంది (అమెరికా మీదుగా వెళ్తే మాత్రం అక్కడ మొదటి విమానాశ్రయంలో తీసుకుని మళ్లీ ఇవ్వాలి). మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతే మరొక విమానంలో పంపే బాధ్యత సంస్థదే. విడి టికెట్లలో ఆ బాధ్యత ఎవరికీ లేదు.

చౌక అన్న మాట కూడా సగమే నిజం. బ్రిటన్ నుంచి బయలుదేరే ప్రయాణికుల మీద అక్కడి ప్రభుత్వం విమాన ప్రయాణ సుంకం వేస్తుంది. దూరం పెరిగేకొద్దీ అది పెరుగుతుంది. ఒకే టికెట్ మీద వేరే దేశం నుంచి వచ్చి 24 గంటలలోపు మరొక దేశానికి సాగిపోయేవారికి ఆ సుంకం పడదు. టికెట్ విడిగా కొన్నా, లండన్‌లో 24 గంటలు మించి ఆగినా పడుతుంది. కాబట్టి రెండు రోజులు లండన్ కూడా చూద్దామనుకునేవారు హోటల్ ఖర్చుతో పాటు ఈ సుంకాన్నీ లెక్కలో వేసుకోవాలి.

మేము అమెరికాలో హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాం. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరింది. బార్బడోస్ వెళ్లి తిరిగి రాగలమా?

ఈ పేజీలో అన్నిటికంటే జాగ్రత్తగా చదవవలసిన జవాబు ఇదే. తిరిగి రాలేరు, అమెరికా కాన్సులేట్‌లో కొత్త స్టాంపు వేయించుకున్న తరువాతే రాగలరు. ఐ-94 (ప్రవేశ నమోదు), ఐ-797 (హెచ్-1బి ఆమోద పత్రం) ఎంత కాలం చెల్లుబాటులో ఉన్నా, అవి మీరు అమెరికాలో ఉండటానికి అనుమతి మాత్రమే. బయటికి వెళ్లి తిరిగి ప్రవేశించడానికి స్టాంపు కావాలి.

గడువు తీరిన వీసాతోనే తిరిగి రానిచ్చే ఒక వెసులుబాటు అమెరికా నిబంధనలలో ఉన్నది నిజమే. దానిని ఆటోమేటిక్ వీసా రీవాలిడేషన్ అంటారు. అయితే అది హెచ్-1బి వారికి కెనడా, మెక్సికోలకు 30 రోజులలోపు వెళ్లి వచ్చినప్పుడు మాత్రమే వర్తిస్తుంది. ఎఫ్, జె వీసాల మీద ఉన్న విద్యార్థులకు, పరిశోధకులకు మాత్రం అది ‘సమీప దీవుల’కు కూడా వర్తిస్తుంది, ఆ దీవుల జాబితాలో బార్బడోస్ ఉంది, క్యూబాకు మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఒకే ఇంట్లో చెల్లెలు ఎఫ్-1 మీద, అన్న హెచ్-1బి మీద ఉంటే, చెల్లెలు వెళ్లి రాగలిగిన చోటికి అన్న వెళ్లి రాలేడన్నమాట. స్నేహితుల బృందం కలిసి టికెట్లు కొనేటప్పుడు ‘అతను పోయినసారి ఇలాగే వెళ్లి వచ్చాడు కదా’ అనే మాటను నమ్మకుండా, ఎవరి స్థితి ఏమిటో ఎవరికి వారే చూసుకోవాలి.

విద్యార్థులు వెళ్లేముందు ఐ-20 (కళాశాల ఇచ్చే విద్యార్థి పత్రం) మీద కళాశాల అధికారి ప్రయాణ సంతకం ఉందో లేదో చూసుకోవాలి; ఓపీటీలో (చదువుకు సంబంధించిన ఉద్యోగ శిక్షణలో) ఉన్నవారికి ఆ సంతకం ఆరు నెలలే చెల్లుతుంది. బయట ఉండగా కొత్త వీసాకు దరఖాస్తు చేసినవారికి ఈ వెసులుబాటు పోతుంది.

హెచ్-1బి స్టాంపు గడువు తీరినా పిల్లలకు కరీబియన్ సముద్రం చూపించాలన్న కోరిక బలంగా ఉంటే, ప్యూర్టోరికో గానీ అమెరికా వర్జిన్ దీవులు గానీ ఎంచుకోండి. అవి అమెరికా భూభాగమే గనుక, మధ్యలో వేరే దేశంలో దిగని విమానంలో వెళ్తే అమెరికా వదిలినట్టు కాదు. వర్జిన్ దీవుల నుంచి తిరిగి వచ్చేటప్పుడు విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ అధికారులు పత్రాలు అడుగుతారు. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 వెంట ఉంచుకోవాలి. అక్కడ చెలామణిలో ఉన్నది అమెరికన్ డాలరే కాబట్టి, ఈ పేజీలో కింద చెప్పిన మారకం చిక్కులు కూడా ఉండవు.

నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. టికెట్ మీద పేరు ఎలా రాయించాలి?

తెలుగువారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. మన ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలిపోవడమో, మొత్తం పేరంతా ఒకే గడిలో చేరిపోవడమో జరుగుతుంది. విమాన సంస్థల వ్యవస్థలు రెండు గడులూ నింపమంటాయి. కొన్ని సంస్థలు అదే పేరును రెండుసార్లు రాయమంటాయి, కొన్ని ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని నింపమంటాయి. అమెరికా వీసాలో కూడా ఒకే పేరు ఉన్నవారికి ఇదే ఎఫ్‌ఎన్‌యూ ముద్రిస్తారు. మీరు ఎక్కబోయే మొదటి విమాన సంస్థ పద్ధతి ఏమిటో ఫోన్ చేసి కనుక్కుని, మొత్తం ప్రయాణానికి ఒకే విధంగా రాయించండి. ఒకే టికెట్ కొనమని చెప్పడానికి ఇది మరొక కారణం.

ఒకే పేరు ఉన్న పాస్‌పోర్టుతో సందర్శక వీసా మీద వచ్చేవారిని యూఏఈ 2022 నవంబరు నుంచి అనుమతించడం లేదు. దుబాయ్‌లో రెండు రోజులు దిగి వెళ్దామనుకునేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. వ్యవధి ఉంటే, ప్రయాణానికి ముందే పాస్‌పోర్టులో ఇంటిపేరును వేరు చేయించుకోవడం అన్నివిధాలా మంచిది. అయితే అందులో ఇప్పటికే ఉన్న వీసాల మీద పాత పేరే ఉంటుందన్న సంగతి కూడా ఆలోచించుకోవాలి.

ఏ నెలల్లో టికెట్లు చౌక? తుపానుల భయం ఎప్పుడు?

డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఐరోపా, ఉత్తర అమెరికా ప్రజలు చలి తప్పించుకోవడానికి కరీబియన్ వస్తారు. విమానం, హోటల్ రెండూ అప్పుడు ప్రియం. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా ఆ రద్దీలోనే పడతాయి. జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా అట్లాంటిక్ హరికేన్ కాలం. ఆగస్టు చివర నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా దాని ఉద్ధృతి ఎక్కువ. దసరా సెలవులు సాధారణంగా ఈ భాగంలోకి వస్తాయి.

మిగిలింది ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు వరకు ఉన్న కాలం. రద్దీ తగ్గి, తుపానులు ఇంకా మొదలుకాని ఆ వ్యవధి తెలుగు రాష్ట్రాల బడుల వేసవి సెలవులతో చక్కగా కలుస్తుంది. హైదరాబాద్–లండన్ ఛార్జీలు మాత్రం మే నెలలో పెరుగుతాయి గనుక, జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే టికెట్ కొనుక్కోవడం మంచిది. అమెరికాలోని కుటుంబాలు నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ సెలవులను పరిశీలించవచ్చు. హరికేన్ కాలం అప్పటికి ముగింపుకు వస్తుంది. ఆగస్టు మొదటి సోమవారం జరిగే గ్రాండ్ కడూమెంట్ ఊరేగింపుతో క్రాప్ ఓవర్ పండుగ ముగుస్తుంది. చెరకు కోత ముగిసిన సంబరంగా మొదలైన పండుగ అది. దాన్ని చూడాలనుకునేవారు ఆ వారానికి టికెట్లు, గదులు చాలా ముందుగా తీసుకోవాలి.

బార్బడోస్ మిగతా దీవుల వరుసకు తూర్పుగా విడిగా ఉండటం వల్ల హరికేన్ నేరుగా తాకడం అరుదు. 1955లో జానెట్ తరువాత మళ్లీ హరికేన్ బలంతో తాకింది 2021 జులైలో వచ్చిన ఎల్సా. అయితే నేరుగా తాకకపోయినా విమానాలు ఆగిపోతాయి. 2024 జులై 1న బెరిల్ హరికేన్ దీవికి దక్షిణంగా సాగిపోయింది. విమానాశ్రయం మూసివేయడంతో, అంతకు రెండు రోజుల ముందే ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టు హోటల్లోనే చిక్కుకుపోయింది. మన హైదరాబాద్ సిరాజ్ కూడా ఆ జట్టు సభ్యుడే. చివరికి ప్రత్యేక ఎయిర్ ఇండియా విమానంలో వారు జులై 4న ఢిల్లీ చేరారు. సామాన్య కుటుంబానికి ప్రత్యేక విమానం రాదు. అందుచేత ఆ నెలల్లో వెళ్లేవారు తిరిగి వచ్చిన మర్నాడే ఉద్యోగంలో చేరవలసి వచ్చేట్టు టికెట్ కొనవద్దు; రెండు మూడు రోజుల వెసులుబాటు ఉంచుకోండి.

తుపాను వల్ల విమానం రద్దయితే డబ్బు వస్తుందా?

విమాన సంస్థే రద్దు చేస్తే, వేరే విమానం గానీ టికెట్ డబ్బు గానీ అడగవచ్చు. బ్రిటన్ నుంచి బయలుదేరే విమానాలకు, బ్రిటిష్ సంస్థలు బ్రిటన్‌కు తెచ్చే విమానాలకు అక్కడి చట్టం రక్షణ ఉంది. సంస్థ తప్పు వల్ల మూడు గంటలు మించి ఆలస్యమైతే నష్టపరిహారం ఇవ్వాలి. తుపాను సంస్థ చేతిలో లేని కారణం గనుక నష్టపరిహారం రాదు. కానీ చిక్కుకున్నన్నాళ్లు భోజనం, బస చూడవలసిన బాధ్యత మాత్రం అప్పుడూ సంస్థదే. ఈ తేడా చాలామందికి తెలియక, తమ ఖర్చుతో హోటల్లో ఉండి రసీదులు కూడా దాచుకోరు. రసీదులు దాచుకోండి.

ప్రయాణ బీమా తీసుకునేవారు తుపానుకు పేరు పెట్టకముందే తీసుకోవాలి. పేరు పెట్టాక కొన్న బీమా ఆ తుపానుకు సాధారణంగా వర్తించదు. మీరే మనసు మార్చుకుని రద్దు చేసుకునే సందర్భంలో, అమెరికాకు రాకపోకలు సాగించే విమానాలకు ఒక సౌకర్యం ఉంది: ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు విమాన సంస్థ దగ్గర నేరుగా కొన్న టికెట్‌ను 24 గంటలలోపు పూర్తి డబ్బుతో వెనక్కి ఇవ్వవచ్చు. కొన్ని సంస్థలు డబ్బు తీసుకోకుండా 24 గంటలు టికెట్ పట్టి ఉంచే పద్ధతిని పాటిస్తాయి.

బార్బడోస్‌తో పాటు మరొక దీవి కూడా చూడవచ్చా?

చూడవచ్చు గానీ, రెండు విషయాలు ముందే తేల్చుకోవాలి. దీవుల మధ్య ఇంటర్‌కరీబియన్, కరీబియన్ ఎయిర్‌లైన్స్ వంటి సంస్థలు నడిపే విమానాలు తక్కువ; అనేక దీవులను కలిపిన పాత లియాట్ సంస్థ 2020లో కూలిపోయిన తరువాత ఆ కొరత బాగా తెలిసివచ్చింది. కాబట్టి లండన్ విమానం ఎక్కవలసిన రోజుకు కనీసం ఒక రోజు ముందే బార్బడోస్ తిరిగి చేరేట్టు చూసుకోండి. చిన్న విమానాలలో సామాను పరిమితి కూడా తక్కువ.

రెండవది ఎల్లో ఫీవర్ టీకా. బార్బడోస్ భారత ప్రభుత్వ ఎల్లో ఫీవర్ జాబితాలో లేదు. ట్రినిడాడ్, గయానా ఉన్నాయి. ఆ దేశాల మీదుగా తిరిగి వచ్చేవారి దగ్గర టీకా పత్రం లేకపోతే భారత విమానాశ్రయంలో ఆపి ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

తిరుగు టికెట్ తప్పనిసరా?

అవును. వీసా లేకుండా ప్రవేశించేవారు తిరుగు టికెట్, బస వివరాలు చూపగలగాలి. మొదట అడిగేది హైదరాబాద్ చెక్-ఇన్ సిబ్బందే. ఉత్తుత్తి టికెట్లు చేయించే ఏజెంట్ల జోలికి వెళ్లవద్దు.

బార్బడోస్ డబ్బు విలువను ఎలా లెక్కించాలి?

చాలా తేలిక. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికన్ డాలర్‌కు సమానం. 1975 నుంచి ఈ నిష్పత్తిని అక్కడి కేంద్ర బ్యాంకు మారకుండా నిలిపి ఉంచింది. అక్కడి ధరను సగం చేస్తే అమెరికన్ డాలర్లు వస్తాయి. 2, 5, 10, 20, 50, 100 డాలర్ల నోట్లు ఉన్నాయి. 2022 డిసెంబరు నుంచి పాలిమర్ నోట్లు వచ్చాయి. ఐదు డాలర్ల నోటు మీద వెస్టిండీస్ క్రికెట్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ బొమ్మ ఉంటుంది. 1962లో బార్బడోస్‌లో తలకు బంతి తగిలి ప్రాణాపాయంలో పడిన అప్పటి భారత కెప్టెన్ నారీ కాంట్రాక్టర్‌కు రక్తం ఇచ్చినవారిలో ఆయన ఒకరు. ఆ నోటు మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు మనసు కదిలింది.

పక్క దీవులకు వెళ్లేవారు మాత్రం జాగ్రత్తపడాలి. సెయింట్ లూసియా, గ్రెనడా, యాంటిగ్వా, డొమినికా వంటి చోట్ల చెల్లేది తూర్పు కరీబియన్ డాలరు. దాని నిష్పత్తి ఒక అమెరికన్ డాలర్‌కు 2.70. గుర్తు ఒకటే, విలువ వేరు. హోటల్ పట్టికలో 54 డాలర్లని రాసి ఉంటే అది బార్బడోస్‌లో 27 అమెరికన్ డాలర్లు, సెయింట్ లూసియాలో 20. మార్టినిక్, గ్వాడెలూప్‌లలో యూరో నడుస్తుంది.

ఇక్కడి నుంచే బార్బడోస్ డాలర్లు తీసుకెళ్లాలా? నగదు ఎంత కావాలి?

అక్కర్లేదు, మన ఊళ్లలో అవి దొరకవు కూడా. అమెరికన్ డాలర్లు తీసుకెళ్తే చాలు. దుకాణాలు, టాక్సీలు, రెస్టారెంట్లు చాలావరకు వాటిని ఒకటికి రెండు లెక్కన తీసుకుని, చిల్లర బార్బడోస్ డాలర్లలో ఇస్తాయి. బ్యాంకు కౌంటర్లో మార్చుకుంటే రెండు కంటే కొద్దిగా తక్కువే చేతికి వస్తుంది. అంటే, రూపాయలిచ్చి డాలర్లు, మళ్లీ డాలర్లిచ్చి స్థానిక డబ్బు అని రెండుసార్లు మార్చి రెండుసార్లు నష్టపోవడం కంటే, డాలర్లనే ఖర్చు చేస్తూ వచ్చిన చిల్లరను బస్సులకు, కొబ్బరిబోండాలకు వాడుకోవడమే తెలివైన పద్ధతి.

అయితే మన దగ్గరి మనీ ఛేంజర్లు ఎక్కువగా వంద డాలర్ల నోట్లే ఇస్తారు. ఒకటి, ఐదు, పది, ఇరవై డాలర్ల నోట్లు కావాలని రెండు రోజుల ముందే చెప్పి పెట్టుకోండి. చిరిగినవి, రాతలున్నవి తీసుకోవద్దు. నలుగురు సభ్యుల కుటుంబం కార్డు ఎక్కువగా వాడేటట్టయితే, వారం రోజులకు 300 నుంచి 400 డాలర్ల నగదు సరిపోతుందని నా అంచనా.

ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం ఒక్కో ప్రయాణానికి ఒక్కొక్కరు 3,000 డాలర్ల వరకే విదేశీ నోట్లు తీసుకోవచ్చు. మిగతాది కార్డులో ఉంచుకోవాలి. కొనేటప్పుడు 50,000 రూపాయలు, అంతకు మించిన మొత్తానికి నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారా చెల్లించాలి. లక్ష రూపాయల మారకం మీద జీఎస్టీ 180 రూపాయలు పడుతుంది. రూపాయి నోట్లను అక్కడ మార్చుకోగలమన్న ఆశ పెట్టుకోవద్దు.

ఫారెక్స్ కార్డు మంచిదా, క్రెడిట్ కార్డు మంచిదా?

విదేశీ డబ్బును ముందే నింపుకుని వాడే ఫారెక్స్ కార్డులో డాలర్లు నింపితే మారకం ఖర్చు ఇక ఉండదని చాలామంది భావిస్తారు. అమెరికాలో అది నిజం. బార్బడోస్‌లో బిల్లు స్థానిక డాలర్లలో పడుతుంది గనుక, డాలర్ కార్డు నుంచి మరొక కరెన్సీలోకి మార్చిన రుసుము పడే అవకాశం ఉంది. కార్డు ఇచ్చే బ్యాంకును ఈ క్రాస్ కరెన్సీ రుసుము ఎంతో ముందే అడగండి. క్రెడిట్ కార్డులలో విదేశీ మార్కప్ (విదేశీ కరెన్సీ బిల్లు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము) 3.5 శాతం ఉంటే, దాని మీద 18 శాతం జీఎస్టీతో కలిపి 4.13 శాతం అవుతుంది. మార్కప్ తక్కువ ఉన్న కార్డు ఇంట్లో ఒక్కటి ఉన్నా, పెద్ద ఖర్చులన్నీ దాని మీదే పెట్టండి.

హోటల్, అద్దె కారు వంటి చోట్ల మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వాలి. వారు డిపాజిట్ కింద కొంత మొత్తాన్ని పట్టి ఉంచుతారు. ఫారెక్స్ లేదా డెబిట్ కార్డు ఇస్తే మీ సొంత డబ్బే అన్ని రోజులు చేతికి అందకుండా పోతుంది.

బయలుదేరేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకాన్ని ఆన్ చేసుకోవాలి. భారత కార్డులు మొదట దేశీయ వాడకానికే పనిచేస్తాయి. ఓటీపీ వచ్చే సిమ్‌కు రోమింగ్ ఉండాలి. యూపీఐ మీద ఆధారపడవద్దు.

కార్డు మిషన్ ఏ కరెన్సీలో చెల్లిస్తారని అడిగితే ఏం చెప్పాలి?

రూపాయలు అని చూపిస్తే వద్దనండి. మీకు తెలిసిన అంకెలో బిల్లు కనిపిస్తుందన్న సుఖమే గానీ, ఆ మారకం రేటు వ్యాపారి తరఫు సంస్థ నిర్ణయించుకున్నది.

అమెరికన్ డాలర్లలో చెల్లిస్తారా అని అడిగితే బార్బడోస్‌లో ఒక మంచి పరీక్ష ఉంది. నిష్పత్తి స్థిరం గనుక మోసం కంటికి కనబడుతుంది. 200 బార్బడోస్ డాలర్ల బిల్లుకు మిషన్ 100 అమెరికన్ డాలర్లు చూపిస్తే డాలర్ ఫారెక్స్ కార్డు ఉన్నవారు ఒప్పుకోవచ్చు; 104 చూపిస్తే వద్దని చెప్పి స్థానిక కరెన్సీ ఎంచుకోవాలి. ఏటీఎంలలో కూడా ఇదే పద్ధతి. ఏటీఎంలో ప్రతిసారీ రుసుము పడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా కాకుండా ఒకేసారి తీసుకోవడం నయం.

చెప్పిన ధర ఏ డాలర్లలో అన్నది ఎలా తెలుస్తుంది?

అడిగి తెలుసుకోవాలి, అదీ ముందే. హోటళ్లు గది అద్దెను ఎక్కువగా అమెరికన్ డాలర్లలో, రెస్టారెంట్లు భోజనం ధరను స్థానిక డాలర్లలో చెబుతాయి. టాక్సీలకు మీటర్లు ఉండవు. ఎక్కకముందే ధర మాట్లాడుకుని, ‘బార్బడోస్ డాలర్లా, అమెరికన్ డాలర్లా’ అని స్పష్టంగా అడగాలి. ఈ ఒక్క ప్రశ్న మరచిపోతే ఛార్జీ రెండింతలవుతుంది. బిల్లులో పది శాతం సర్వీస్ ఛార్జి కలిసి ఉందో లేదో చూసి, ఉంటే మళ్లీ టిప్ ఇవ్వనక్కర్లేదు.

ప్రభుత్వ బస్సులు నీలం రంగువి. స్థానిక డబ్బే తీసుకుంటాయి, చిల్లర ఇవ్వవు. ఛార్జీ దూరంతో పనిలేకుండా 3.50 బార్బడోస్ డాలర్లు. పసుపు మినీబస్సులు, మెరూన్ గీత ఉన్న తెల్లని వ్యాన్లు అదే ఛార్జీకి నడుస్తాయి, చిల్లర కూడా ఇస్తాయి. శుక్రవారం రాత్రి ఓయిస్టిన్స్‌లో జరిగే చేపల విందుకు వెళ్లేవారు చిన్న నోట్లు దగ్గర ఉంచుకోవాలి.

టీసీఎస్ (చెల్లించేటప్పుడే వసూలు చేసే పన్ను) ఎంత పడుతుంది?

కొన్న విదేశీ నగదు, ఫారెక్స్ కార్డులో నింపిన మొత్తం ఎల్‌ఆర్‌ఎస్ (వ్యక్తులు విదేశాల్లో ఖర్చుకు డబ్బు తీసుకెళ్లడానికి ఆర్‌బీఐ అనుమతించే పథకం) లెక్కలోకి వస్తాయి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక వ్యక్తికి పది లక్షల రూపాయలు దాటితేనే, దాటిన భాగం మీద విహారయాత్రలకు 20 శాతం టీసీఎస్ పడుతుంది. విమానం, హోటల్ కలిపి ట్రావెల్ సంస్థ దగ్గర ప్యాకేజీగా కొంటే మాత్రం మొదటి రూపాయి నుంచే టీసీఎస్ వసూలు చేస్తారు. టికెట్ వేరుగా, హోటల్ వేరుగా మీరే కొనుక్కుంటే ఆ భారం తప్పుతుంది. కట్టిన టీసీఎస్ పోయిన డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. అందుకు రసీదు మీద పాన్ నంబరు సరిగా ఉందో లేదో చూసుకోండి.

మిగిలిన డబ్బును ఏం చేయాలి?

బార్బడోస్ డాలర్లను అక్కడే ఖర్చు చేయండి లేదా మార్చుకోండి. ఆ దీవి దాటాక వాటిని తీసుకునే బ్యాంకు దొరకడం కష్టం. చివరి రెండు రోజులు ఏటీఎం జోలికి వెళ్లకుండా, చేతిలో ఉన్న స్థానిక డబ్బుతో సరిపెట్టుకోవాలి. నాణేలను ఎవరూ మార్చరు. చివరి హోటల్ బిల్లులో కొంత భాగాన్ని మిగిలిన నగదుతో కట్టి, మిగతాది కార్డు మీద కట్టవచ్చు. అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

అమెరికన్ డాలర్లు 2,000 వరకు మీ దగ్గరే ఉంచుకోవచ్చు. అంతకు మించినవి తిరిగి వచ్చిన 180 రోజులలోపు బ్యాంకుకో అధీకృత మనీ ఛేంజర్‌కో అప్పగించాలి. ఫారెక్స్ కార్డులో మిగిలిన మొత్తానికీ ఇదే నియమం. ఇల్లు చేరాక మొదట చేయవలసిన పని, బ్యాంకు యాప్ తెరిచి కార్డుల అంతర్జాతీయ వాడకాన్ని ఆపివేయడం. హోటల్ పట్టి ఉంచిన డిపాజిట్ విడుదలైందో లేదో తరువాతి పది పదిహేను రోజులు గమనిస్తూ ఉండాలి.